రెండో నోరు

పరిశోధనశాల రెండో అంతస్తు. మైక్రోస్కోపు మీద వంగిన అక్క, తలుపు తోసుకుని వచ్చిన చెల్లెలు. మధ్యాహ్నం కావస్తోంది.

"అక్కడే ఆగు! అడుగు వెయ్యకు!"

"అక్కా, అవతల నీ పెళ్ళి."

"తెలుసు. ఆ చెప్పులు విప్పు ముందు. నువ్వు నడుస్తుంటే టేబులు అదురుతోంది."

"పెళ్ళి అంటున్నాను. నీది. నా పెళ్ళికి ఆలస్యంగా వచ్చావు, సరే పోనీలే అనుకున్నాం. నీ పెళ్ళికి కూడా నువ్వు ఆలస్యమేనా?"

"ఫ్యాను స్విచ్చు ముట్టుకోకు!"

"చెమటలు కారిపోతున్నాయి ఇక్కడ."

"కారనీ. గాలి తగిలితే నీటిచుక్క ఆరిపోతుంది. చుక్కలో అది ఉంది."

"ఏది?"

"అది. అదే బుజ్జీ, అది... ఒక్క నిమిషం. ఒక్కటంటే ఒక్క నిమిషం."

"ఆ ఒక్క నిమిషం మాట ఫోన్లో చెప్పి ఎంతసేపైందో తెలుసా? నీ స్టూడెంట్లందరూ పూలు పట్టుకుని రిజిస్ట్రారాఫీసు గుమ్మంలో నిలబడ్డారు. పూలు తలలు వాల్చేశాయి. ఆయన గడియారం వంక చూస్తున్నారు. భోజనానికి లేచారంటే ఇంక ఇవాళ్టికి దొరకరు."

"ఎవరు, ప్రొఫెసర్ గారా?"

"రిజిస్ట్రార్ గారు! నీకు కాబోయే ఆయన, మీ ప్రొఫెసర్ గారు, బల్ల మీద కూర్చుని, కాళ్ళూపుతూ ఈల వేస్తున్నారు."

"ఈలా? ఆయనకి ఈల వెయ్యడం రాదే."

"రాదు. అందుకే నేను అక్కణ్ణుంచి లేచొచ్చాను. పెళ్ళికూతురు కనపడకపోతే ఏ పెళ్ళికొడుకైనా కంగారుపడతాడు. ఆయన ఈల వేస్తాడు, నువ్వు చుక్క చూస్తావు. మీ ఇద్దరికీ ఒక్క స్క్రూ కూడా బిగుతుగా లేదు. అయ్యో, అక్కా, జుట్టు సగమే దువ్వుకున్నావేంటి?"

"తెల్లారగానే దువ్వడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా చేతులు ఊరుకోలేదు. ఇలా వచ్చి, ఊరికే, ఒక్క కణానికి చేద్దామని... నువ్వు ఇలా రా. వచ్చి చూడు."

"నేను చూడను. డ్రైవింగ్ స్కూలు మూసేసి, నేర్చుకునేవాళ్ళందర్నీ రేపు రమ్మని చెప్పి వచ్చాను. నీ పురుగుల్ని చూడ్డానికి కాదు."

"పురుగు కాదు! ఎన్నేళ్ళు చెప్పాలి నీకు? దాని పేరు స్టెంటర్. ఒకే ఒక్క కణం. నీ ఒంట్లో కోట్లకి కోట్లు కణాలున్నాయి, ఒక్కదాన్ని బయటికి తీసి బతకమను, బతుకుతుందా? ఇది ఒక్కటే తింటుంది, ఈదుతుంది, ముడుచుకుంటుంది, అలుగుతుంది..."

"తెలుసమ్మా. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు చెరువు నీళ్ళు జాము సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచేదానివి. ఎండలోంచి వచ్చి మంచినీళ్ళనుకుని గటగటా తాగేశాను. నీ మొదటి రీసెర్చి అంతా నా కడుపులోనే ఉంది."

"ఆ రోజు ఎంత ఏడ్చానో!"

"చెల్లెలికేమైపోతుందో అని ఏడుస్తున్నావనుకుని అమ్మ నిన్ను దగ్గరికి తీసుకుంది. నువ్వు ఏడ్చింది సీసా కోసం."

"రెండింటి కోసం. సీసా కోసం కొంచెం ఎక్కువ. రావే, ఒక్కసారి. చూస్తే వచ్చేస్తాను, ప్రమాణం."

"చూస్తే వస్తావా?"

"వస్తాను."

"ఏదీ, జరుగు. ఏం లేదు ఇందులో. నా కనురెప్ప కనిపిస్తోంది."

"కన్ను మరీ ఆనించకు. కాస్త ఎడంగా."

"నల్లగా... ఆ, వెలుతురొచ్చింది... ఓయమ్మో! బాకా! నీలంరంగు బాకా!"

"ఆ!"

"అంచు చుట్టూ వెంట్రుకలు గిర్రున తిరుగుతున్నాయి."

"అదే నోరు. నీళ్ళు లోపలికి లాక్కుని తింటుంది. కింద సన్నగా ఉంది చూడు, అది కాలు."

"ఒళ్ళంతా చారలేంటి? పైజమా గుడ్డలాగా?"

"చారలు! ఆ చారలే! బుజ్జీ, ఆ చారల మీదే నా జీవితం గడిచిపోయింది."

"ఆ సంగతి నీ జుట్టు చూస్తేనే తెలుస్తోంది. సరే, చూశాను. పద."

"నడుము దగ్గర చూడు. నోరున్న చోట కాదు, దానికి దూరంగా, పక్కన."

"అక్కడ ఏదో కుట్టు విడిపోయినట్టు చిన్న గీతుంది. గీతలో ఏవో కదులుతున్నాయి."

"కదులుతున్నాయా? నిజంగా కదులుతున్నాయా? ఇందాక కదల్లేదు! జరుగు!"

"నన్ను తొయ్యకు, కొత్త బట్టలు!"

"కదులుతున్నాయి! వంపు తిరుగుతోంది! బుజ్జీ, నోరు! రెండో నోరు!"

"నా చెవి, నా చెవి!"

"రెండో నోరే!"

"విన్నాను! మనింట్లో మనిషికి ఒక్క నోరుంటేనే పక్కవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. దీనికి రెండెందుకు?"

"అదే కదా! 'ఎందుకు' కాదు, 'ఎలా' అనేదే ప్రశ్న. దీన్ని సగానికి కోసేస్తే ఏమవుతుందో తెలుసా? చావదు. నోరు లేని ముక్కకి నోరు మొలుస్తుంది, కాలు లేని ముక్కకి కాలు మొలుస్తుంది. ఇంత ప్రాణికి, మెదడు లేదు, కన్ను లేదు, నోరు ఇక్కడ మొలవాలి అని ఎవరు చెప్తారు? చదువుకునే రోజుల నుంచీ నాకున్నది ఆ ఒక్క ప్రశ్నే."

"ఇన్నేళ్ళూ ఒక్కటే ప్రశ్నా? జవాబే దొరకలేదా?"

"రెండు దొరికాయి. ఒకటి ప్రొఫెసర్ గారిది, ఇంకోటి నాది."

"ఓహో. మీ ఇద్దరి కొట్లాటా?"

"అదే. కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది, జన్యువులన్నీ అందులోనే. ఆయనేమంటారంటే, అంతా హెడ్డాఫీసు నుంచే రావాలి. నోరు ఎక్కడ పెట్టాలో ఆర్డరు అక్కణ్ణుంచి వస్తేనే మొలుస్తుంది. నేనేమన్నానంటే, కాదు మహానుభావా, నోరు కట్టడానికి సామాను హెడ్డాఫీసు పంపిస్తుందేమోగానీ, చోటు సంగతి చారలకే తెలుసు. చారల అంచున ఒక ప్రోటీను కూర్చుని ఉంటుంది. అదెక్కడ కూర్చుంటే నోరక్కడ. ఆ ప్రోటీన్ని పట్టుకోవడానికే నాకు సగం వయసైపోయింది."

"ఇప్పుడేం చేశావు?"

"కేంద్రకాన్ని ముట్టుకోలేదు. జన్యువుల్లో ఒక్క అక్షరం మార్చలేదు. ప్రోటీన్ని గాజుసూదితో తీసుకెళ్ళి, నోటికి సంబంధం లేని చోట, నడుము దగ్గర కూర్చోబెట్టాను. అంతే. మొలిచింది!"

"దీని గురించా మీరు ఇరవయ్యేళ్ళు పోట్లాడుకున్నది?"

"మర్యాదగానే పోట్లాడుకున్నాం."

"మర్యాదా? నీ మొదటి పేపరు మీద ఆయన రాసిన మాటేంటి? చెప్పు."

"'ఈ వ్యాసంలో నమ్మదగినవి బొమ్మలు మాత్రమే.'"

"అదీ మర్యాద!"

"పత్రికవాళ్ళు అభిప్రాయం అడిగితే పేరు లేకుండా రాశారు. అయినా నేను గుర్తుపట్టేశాను. అంత అందంగా తిట్టడం ఇంకెవరికీ రాదు. మీటింగుల్లో నేను చెప్పి కూర్చోగానే లేచి, 'చిన్న ప్రశ్న' అనేవారు. అందరి భోజనాలూ చల్లారిపోయేవి, ఆ చిన్న ప్రశ్న అయ్యేది కాదు."

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? జవాబు చెప్తూ బస్టాపు దాకా వెంటపడి ఆయన బస్సు పోగొట్టావట."

"బస్సు కాదు, బస్సులు. ఒకటి పోయాక ఇంకోదాని కోసం నిలబడ్డాం, మళ్ళీ మొదలైంది. ఆఖరికి ఆయన నడిచి వెళ్ళారు. నడుస్తూ కూడా వెనక్కి తిరిగి 'అయినా సరే' అన్నారు."

"చాల్లే, నవ్వకు, పిన్నులు ఊడిపోతున్నాయి. ఇలా కూర్చో, ఆ మిగతా సగం నేను దువ్వుతాను. కెమెరా ఉందిగా, అదే తీసుకుంటుందిగా? ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకో."

"పెట్టాను కెమెరా. కానీ బుజ్జీ, బిడ్డ పుడుతుంటే కెమెరా పెట్టేసి బజారుకెళ్ళిపోతామా?"

"తల కదపకు. ఇంతకీ ఈ తిట్టే మనిషి మీద నీకు మనసెలా పోయిందో ఇప్పటిదాకా సరిగ్గా చెప్పనేలేదు."

"కరెంటు పోయి నా కణాలన్నీ చచ్చిపోయాయే, గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? మా సోఫాలో పడుకుని, ఇంక ఏదో ఒక బళ్ళో పాఠాలు చెప్పుకుంటా అన్నావు. మనసు మళ్ళుతుందని నీకు కారు నేర్పబోయాను. మా గోడ పడగొట్టావు."

"ఆ వారంలోనే ఒక పార్సిలు వచ్చింది. థర్మకోలు డబ్బాలో చిన్న గాజుగొట్టం. గొట్టంలో ఆయన పెంచుకుంటున్న కణాలు, బతికున్నవి. పైన చీటీ. 'త్వరగా పెంచుకోండి. మీరు మానేస్తే నేను ఎవరితో పోట్లాడాలి?'"

"...అబ్బ."

"ఆ."

"అప్పుడు పడిపోయావన్నమాట."

"అప్పుడు పనిలో పడ్డాను. ఆయన కణాలతోనే ఆయన తప్పని మూడు పేపర్లు రాశాను. మనసు సంగతి ఆ తర్వాతే. పోయిన చలికాలం ఒకరోజు మెట్ల మీద ఆపి, 'డాక్టర్ గారూ, మన విషయం చిన్న చిన్న సవరణలతో అంగీకరించవచ్చని నా అభిప్రాయం' అన్నారు."

"అదేం పెళ్ళిమాట?"

"పేపరు ఒప్పుకునేటప్పుడు మావాళ్ళు అలాగే రాస్తారు. నేను 'పెద్ద సవరణలు అవసరం' అన్నాను."

"ఆయనేమన్నారు?"

"మర్నాడు మీసం తీసేసి వచ్చారు."

"హహ్హహ్హ... అయ్యో, నీ తల పట్టుకుని నేనే ఊగిపోతున్నాను. ఉండు. అయిపోయింది. అద్దం లేదా ఇక్కడ? సరే, నా మాట నమ్ము, బాగున్నావు. పద పద. ఎన్ని నోళ్ళు మొలిచినా సంతకానికి చెయ్యి కావాలి... ఆగు."

"ఏంటి?"

"ఆగాగు. ఈ రెండో నోరు మొలిచిందంటే నువ్వు చెప్పింది నిజం."

"నిజం!"

"నువ్వు గెలిచావు."

"గెలిచాను! బుజ్జీ, గెలిచాను! ఇలా రా, చేతులివ్వు!"

"గంతులెయ్యకు, టేబులు అదురుతుంది! అక్కా, నువ్వు గెలిచావంటే ఆయన?"

"ఆయన..."

"చెప్పు."

"ఆయన తప్పు."

"ఇరవయ్యేళ్ళ పని."

"అంటే, మొత్తం తప్పని కాదు, సామాను విషయంలో ఆయన చెప్పింది... కాదు. తప్పే. మొత్తం తప్పే."

"సరిగ్గా పెళ్ళిరోజున."

"నేనది ఆలోచించలేదు."

"నువ్వెందుకు ఆలోచిస్తావు! ఇంకెవరికైనా తెలుసా ఈ సంగతి?"

"ఎవరికీ తెలీదు. మొదట చూసింది నేను, తర్వాత నువ్వు. అసలు నేను దాచి చేసింది కాదిది. మోసం చేశానని రేపు ఎవరూ అనకూడదని, పోయిన నెలలోనే ఆయనకీ కాస్త ప్రోటీను పంపించాను. 'మీరూ చేసి చూడండి' అని."

"చేశారా?"

"ఎక్కడ! పెళ్ళి హడావిడిలో ఫ్రీజర్లో పడేసి మర్చిపోయుంటారు. పాపం, చేసుంటే ఆయనే ముందు చూసుండేవారు. మా లోకంలో ముందు చూసినవాళ్ళదే పేరు. తర్వాత చూసినవాడు ఊరికే 'ఔను' అన్నవాడితో సమానం."

"సరే, నా మాట విను. ఈ గది తాళం వేద్దాం. వెళ్దాం. సంతకం పెట్టు. నవ్వు. ఫొటో దిగు. రేపు చెప్పు."

"రేపా?"

"పోనీ వచ్చే వారం. కడుపునిండా తిని, కాళ్ళు చాపుకుని, మంచి మాటల్లో ఉన్నప్పుడు, మెల్లిగా."

"ఆయనకి తెలీకుండా సంతకం పెట్టించుకోమంటావా?"

"పెళ్ళి ఆయన కేంద్రకం గురించి కాదు, నీ బాకా నోటి గురించీ కాదు!"

"మేం ఇన్నేళ్ళు తిట్టుకున్నాం గానీ, కనిపించింది కనిపించలేదని ఎప్పుడూ చెప్పుకోలేదు. అదొక్కటే మా ఇద్దరి మధ్యా ఉన్నది. దాన్ని దాచిపెట్టి ఇంకేం పెట్టుకుని పెళ్ళి చేసుకోను?"

"అబద్ధం ఆడమనట్లేదు. నోరెత్తకు అంటున్నాను. సరిగ్గా కనిపించలేదనుకో. కళ్ళజోడు మసగ్గా ఉంది."

"నువ్వూ చూశావుగా."

"నేనేం చూడలేదు. నాకు కార్లు తప్ప ఏం తెలీవు."

"'గీతలో ఏవో కదులుతున్నాయి' అన్నదెవరు?"

"అది నా కనురెప్ప!"

"బుజ్జీ."

"అక్కా, నువ్వు ఒక్కదానివే కూర్చుని అన్నం తింటూ ఆ చారల గురించి గోడకి చెప్పుకుంటావేమోనని నాకు ఎన్నేళ్ళ నుంచో భయం. ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల ఇంకో మనిషి చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి పెట్టేదాన్ని. ఇన్నాళ్ళకి వినేవాడు దొరికాడు. ఆయన్ని ఇవాళే, ఇలా, అందరి ముందూ..."

"ఏడవకు. నీ కాటుక పోతుంది."

"ఏడవట్లేదు. చెమట. ఫ్యాను వెయ్యనివ్వలేదుగా."

"వినేవాడు గనకే చెప్పాలి. ఫోనివ్వు."

"వద్దు."

"ఇటివ్వు. స్పీకర్లో పెడతాను, నువ్వూ విందువుగాని. మోగుతోంది... హలో? ప్రొఫెసర్ గారూ?"

"డాక్టర్ గారూ! నోరు... అదే, మీ నోటితో మీరే చెప్పండి, వస్తున్నారా, లేదా?"

"మీ గొంతేంటి అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"ఆయాసపడుతున్నట్టు."

"ఈ భవనానికి లిఫ్టు పెట్టించమని ఎన్నిసార్లు చెప్పాను మీ డైరెక్టరుకి? వచ్చేశాను. తలుపు తియ్యండి."

"అక్కా, ఆయనే! బావగారూ, మీరేంటి ఇక్కడికి? రిజిస్ట్రార్ గారు వెళ్ళిపోయారా?"

"కిందున్నారమ్మా. ఆయన్నీ, ఆయన పుస్తకాన్నీ, స్టూడెంట్లనీ, పూలనీ, అన్నిటినీ తీసుకొచ్చేశాను. మీ అక్క అక్కడికి రాదని నాకు అనుమానం వచ్చింది. మెట్ల కింద నీడలో కూర్చున్నారు. కాస్త పక్కకి జరగవా, మైక్రోస్కోపు కనపడట్లేదు."

"మైక్రోస్కోపు పాడైపోయింది బావగారూ."

"లైటు వెలుగుతోందిగా?"

"లైటు కూడా పాడైపోయింది."

"బుజ్జీ, జరుగు. ప్రొఫెసర్ గారూ, సంతకాల కంటే ముందు మీరొకటి చూడాలి. చూశాక మీ ఇష్టం. మీరు కిందికెళ్ళి వాళ్ళందర్నీ ఇంటికి పొమ్మన్నా నేనేమీ అనుకోను."

"అనుకుంటుంది బావగారూ! చచ్చేంత అనుకుంటుంది! నేను ఇంకా ఎక్కువ అనుకుంటాను!"

"చూడనివ్వండి ముందు. ఊఁ."

"ఊఁ అంటే?"

"ఫోకస్ బాగా పెట్టారు."

"ఫోకస్ సంగతి కాదు."

"చారలు చక్కగా తెలుస్తున్నాయి."

"ప్రొఫెసర్ గారూ."

"రెండు నోళ్ళు."

"రెండు నోళ్ళు."

"కేంద్రకాన్ని ముట్టుకున్నారా?"

"లేదు."

"జన్యువుల్ని?"

"ఒక్క అక్షరం కూడా."

"అయితే నేను తప్పు."

"అంతేనా? 'చిన్న ప్రశ్న' లేదా?"

"లేదండీ."

"'అయినా సరే' కూడా లేదా? బుజ్జీ, కుర్చీ జరుపు. ఈయనకి ఏదో అవుతోంది. నీళ్ళు, నీళ్ళు తీసుకురా!"

"ఈ గదిలో ఏ సీసా మంచినీళ్ళో నాకేం తెలుసు? మళ్ళీ నేను ఆ పని చెయ్యను!"

"నాకేం కాలేదు. చూడండి, నవ్వుతున్నాను."

"అదే భయంగా ఉంది. ఇన్నేళ్ళ పని పోయిందండీ! మీ పుస్తకం, మీ పాఠాలు, అన్నీ. నా మీద కోపం రావట్లేదా? బాధగా లేదా?"

"ఎందుకు లేదు? రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడోరోజు స్నానం చేస్తుంటే, మీరు ఎగిరి గంతేసే ముహూర్తం ఎప్పుడొస్తుందా అని ఆలోచనొచ్చింది. అప్పట్నుంచి నవ్వాగట్లేదు. ఈల కూడా నేర్చుకుంటున్నాను."

"రెండు రోజులేంటి? మూడోరోజేంటి? నేను చూసి ఇంకా గంట కాలేదే!"

"బావగారూ, ఏమంటున్నారు మీరు?"

"మీ అక్క పంపిన ప్రోటీన్ని నేను ఫ్రీజర్లో పడెయ్యలేదమ్మా. డాక్టర్ గారూ, పోయిన వారమే మా గదిలోనూ రెండో నోరు మొలిచింది. ఇది ముందు మీరే చూడాలని, మీరు పిలిచి చెప్పేదాకా, నాకున్న ఒక్క నోరూ మూసుకుని కూర్చున్నాను."